గుమ్మంలో బూట్ల మట్టి

హాలిఫాక్స్‌లో చదువుకునే రోజుల్లో మేం నలుగురు అమ్మాయిలం ఎనభై దాటిన ఒక తెలుగావిడ ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. జ్వరమొస్తే చారన్నం కలిపి తినిపించేది. కానీ మాలో ఎవరైనా ఇండియాకి బయల్దేరితే, ట్యాక్సీ మలుపు తిరగకముందే చీపురుతో గుమ్మం ఊడ్చేసేది. ఊరెళ్ళిన మనిషి క్షేమంగా చేరేదాకా ఇల్లు ఊడవకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు. ఆవిడకి తెలియదా?

నా రూమ్మేట్ వెళ్ళిన రోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఆంటీ, అదింకా ఫ్లైటే ఎక్కలేదు. అప్పుడే ఊడ్చేస్తారా?"

చీపురు ఆగలేదు.

"మీ అంకుల్ వెళ్ళినప్పుడు ఊడవలేదమ్మా. అప్పట్లో జెట్ విమానాలు కొత్త. ఆయన ఎక్కింది టేకాఫ్ అయిన కాసేపటికే పొలాల్లో కూలిపోయింది. మనిషి ఆనవాలు కూడా దొరకలేదు. ఈ గుమ్మంలో ఆయన బూట్ల మట్టి మాత్రం మిగిలింది. దాన్ని దాటుకుంటూ తిరిగి తిరిగి, చివరికి నేనే ఊడ్చాను."

నేను ఇండియాకి బయల్దేరిన రోజు బూట్లు చేత్తో పట్టుకెళ్ళి బయట మెట్టు మీద తొడుక్కున్నాను. గుమ్మంలో రవ్వంత మట్టి లేదు. అయినా ట్యాక్సీ ఎక్కుతుంటే వెనక చీపురు చప్పుడు వినిపించింది.