ఉతికిన కొత్త బట్టలు

మొన్న మా ఆవిడ జాకెట్టు లైనింగు గుడ్డ బకెట్లో నానేసింది. గంజి, రంగు కలిసిన ఆ పచ్చి వాసన వరండాలోకి రాగానే చేతిలోని కాగితాలు పక్కన పెట్టేశాను. కొత్త బట్ట మొదటిసారి నీళ్లలో పడినప్పుడు వచ్చే వాసన నాకు పడదు. అది వచ్చిందంటే ఖలీల్ చాచా గుర్తొస్తాడు. తల దించుకోవాలనిపిస్తుంది.

జహీరాబాద్‌లో మా వీధి మొదట్లోనే ఆయన దర్జీ దుకాణం. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కర్ణాటక సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర లారీలవాళ్లకు కాగితాలు రాస్తూ, ఏ సరుకుకు ఎంత కట్టాలో చూసి చూసి లెక్కలు నేర్చుకున్నాను. భిన్నాలు మాత్రం చాచా టేపు మీదే పట్టుబడ్డాయి. అరంగుళం, పావంగుళం, అందులో సగం. కానీ కొలతలివ్వడానికి ఎవరొచ్చినా ఆయన వెంటనే టేపు తీసేవాడు కాదు. కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. టైం దండగ కదా అన్నాను ఒకసారి.

"టేపు యాడికి పోతది మునీమ్ సాబ్? ముందుగాల మనిషిని చూడాలె. ఎట్ల కూసుంటడు, ఏ భుజం వంగింది, ఎవరి పెండ్లికి కుట్టిచ్చుకుంటున్నడు. గవన్నీ టేపుల ఉంటయా?" అని నవ్వాడు. లెక్కలు రాసే గుమాస్తాగారన్నట్టు నన్ను మునీమ్ సాబ్ అని ఆటపట్టించడం ఆయనకు సరదా. నాకు లోపల గర్వంగానే ఉండేది.

ఆయన చెల్లెలు జుబేదా పెళ్లయి కరాచీ వెళ్లింది. అన్నాచెల్లెళ్లు చూసుకొని ఇరవై రెండేళ్లు. ఆమె కూతురి పెళ్లికి చాచాకు పదిహేను రోజుల వీసా దొరికింది. సరిహద్దు దాటే రైలు అప్పటికి ఇంకా నడుస్తోంది. మేనకోడలి కోసం తొమ్మిది జతలు కుట్టి, ఇస్త్రీ మడత చెదరకుండా సర్ది, ఖర్చు లెక్క వేయించుకోవడానికి నన్ను పిలిచాడు.

"బార్డర్ కాడ సంచులు విప్పి చూస్తరంట. కొత్త బట్టలకు సుంకం ఎంతయితదో జర చూడు బేటా."

నాకు తెలిసింది లారీల చెక్‌పోస్టు. అక్కడ వాడిన ఇంటి సామానును వదిలేసేవారు, కొత్త సరుకుకు కట్టించుకునేవారు. రైలు ప్రయాణికుల సంచులకు ఏ నియమమో నాకు తెలియదు. తెలియదని చెప్పలేదు.

"తొమ్మిది జతలంటే అమ్మకానికి అనుకుంటరు చాచా. ఒక్కసారి ఉతికి ఆరేయి. పాత బట్టల కిందికి వస్తయి. రూపాయి పడదు."

ఆయన భార్య, మా చాచీ, ఊరుకోలేదు. "పెండ్లి బట్టలు ఎవరన్న ఉతుకుతరా? వీనికి లెక్కలు తప్ప ఏం ఎరుక!"

చాచా ఆ మడతల్లో అన్నిటికంటే పైనున్న ఎర్ర కుర్తాను అరచేత్తో నిమిరాడు. "మునీమ్ సాబ్ చెప్పిండు గద. ఫికర్ ఎందుకు?" అన్నాడు.

మా బోరు నీళ్లకు ఎరుపు దిగిపోయింది, జరీ నల్లబడింది. తీగ మీద ఆరుతున్న ఆ బట్టల ముందు నిలబడి కూడా నేను మిగిలే సుంకమే లెక్కపెట్టుకున్నాను.

తిరిగొచ్చాక, "ఒక్క రూపాయి పడలే బేటా," అన్నాడు. పెళ్లి ఎలా జరిగిందంటే "మంచిగైంది" అని సూదిలో దారం ఎక్కించసాగాడు. ఆ సంగతి నేను హోటల్లో చాయ్ తాగుతూ ఎంతమందికి చెప్పుకున్నానో! తర్వాత ఆ రైలు ఆగిపోయింది. రెండేళ్ల కింద చాచా పోయాడు.

ఆయన నలభయ్యో రోజున జుబేదా వీడియో కాల్ చేసింది. చాచీకి ఫోను వాడటం రాదని నేను పట్టుకున్నాను. ఆమె ఉర్దూలో చెప్పుకుంటూ పోయింది.

"పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు చూసి, మేనమామ ఎవరో విడిచినవి తెచ్చాడని నవ్వారు భాభీ. భాయిజాన్ అప్పుడే బజారుకు బయల్దేరాడు. ఇక్కడే గుడ్డ కొని, పక్కింటి మిషన్ అడిగి, మళ్లీ తొమ్మిది జతలూ కుట్టాడు. పది రోజులు! ఇన్నేళ్లకు వచ్చిన అన్న వీపు చూస్తూ కూర్చున్నాను. బార్డర్ దగ్గర సంచి విప్పనే లేదట. మరి ఎవరు ఉతకమన్నారని అడిగితే, నాకే బుద్ధి లేకపోయింది అన్నాడు."

చాచీ నా వైపు చూసింది. ఫోను వెనక ఉన్న నా ముఖం జుబేదాకు కనబడదు. "ఉతకమన్నది నేనే" అనే ఒక్క మాట చాలు. ఫోను కదలకుండా పట్టుకొని నిలబడ్డాను. "పోయిన ముచ్చట పోనియ్యి," అంది చాచీ ఆమెతో.

ఇప్పటికీ లెక్కలకు నా దగ్గరికి వస్తారు. కలం తీసే ముందు ఏం తీసుకెళ్తున్నారు, ఎవరికి అని అడుగుతాను. తెలియనిది తెలియదంటాను. నిదానస్తుణ్ణని అందరూ మెచ్చుకుంటారు. జుబేదా నంబరు నా ఫోనులోనే ఉంది. మొన్న కూడా ఆ బకెట్ వాసనకు తీసి, పేరు దాకా వెళ్లి, ఆపేశాను. పదిహేనులోంచి పది తీసేస్తే ఐదు. ఆ ఐదు రోజులే వాళ్లకు మిగిల్చాను.