తడి మామిడికాయలు

నా చిన్నప్పటి సంగతులు చాలానే ఉన్నాయి కానీ, నర్సింగ్ డిగ్రీ పాసయ్యానని నిన్న తెలిసినప్పటి నుంచీ ఒక్కటే గుర్తొస్తోంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటిదాన్ని! సిద్దిపేటలో మా గల్లీ అంతా ఉరికి ఉరికి స్వీట్లు పంచి, పక్కింటి అక్క గడప దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేశాను.

కరోనాతో నా పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయిన ఎండాకాలం అది. మా నాయనమ్మకు రొమ్ము క్యాన్సర్. బాపు ఆమెను బస్సులో హైదరాబాద్ దవాఖానకు తీసుకెళ్లి కీమో ఎక్కించుకొచ్చేవాడు. బస్సులు బందయ్యాయి. మేం చెప్పేదాకా రావొద్దని దవాఖాన నుంచి ఫోనొచ్చింది. ఎవరి నుంచి ఏం అంటుకుంటుందోనని ఆమెను ముందరి గదిలో ఒక్కదాన్నే ఉంచాం. పలకరించడానికి వచ్చేవాళ్లూ రావడం మానేశారు. నాయనమ్మ జుట్టు రాలిన తల మీద కొంగు కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకునేది. తలుపు దగ్గర పెట్టిన అన్నం అట్లాగే ఉండేది.

మామిడికాయ తొక్కు పచ్చడి ఎప్పుడు పెడదామని అమ్మ అడిగితే, "ఏడాది తినే తొక్కు నాకెందుకే? జాడీ బోర్లియ్యుండ్రి" అంది. ఆ తర్వాత మాట్లాడటమే మానేసింది.

ఒకరోజు పొద్దున పక్కింటి అక్క, సరిగ్గా ఆ గది కిటికీకి ఎదురుగా తన వాకిట్లో పీట వేసుకుంది. కడిగిన కాయలను నీళ్లు కారుతుండగానే కొట్టడం మొదలుపెట్టింది. చప్పుడుకు నాయనమ్మ ఇటు తిరిగింది. కాసేపు చూసి, లేచి కూర్చుంది.

"ఓ పిల్లా! తడి కాయలు కొడ్తవేందే? వారం తిరగకముందే బూజు పడ్తది!"

"నాకేమెర్క పెద్దమ్మా? ఎప్పుడూ మా అత్తనే పెడ్తుండె."

"మరి నువ్వేం నేర్చుకున్నవే, తినుడా?"

మధ్యాహ్నం దాకా కిటికీలోంచి తిట్లే. ఉప్పు, ఆవపిండి, ఎల్లిపాయ అన్నీ ఆమె చెప్పినట్టే పడ్డాయి. ఆఖరికి మా అమ్మ మీద కూడా అరిచింది: "చూస్తున్నవేంది? మన జాడీ కడిగి ఎండకు పెట్టు!" ఆ పూట అన్నం అడిగి తిన్నది.

సాయంత్రం అక్క వాళ్ల గడప దగ్గర నిలబడి చూస్తే, లోపల అల్మరా మీద గుడ్డ కట్టిన నిండు జాడీ కనబడింది.

"ఇదెప్పుడు పెట్టినవక్కా?"

"మొన్ననే. మీ నాయనమ్మకు చెప్పకు, మళ్ల తిడ్తది."

బస్సులు మళ్లీ నడిచేసరికి జబ్బు కాలేయానికి పాకింది. తొక్కు సగం కాకముందే నాయనమ్మ పోయింది. సాగనంపడానికి పట్టుమని పదిమంది కూడా రాలేదు. అక్క ఆమెను బతికించలేదు. కానీ నాయనమ్మ గోడను చూస్తూ పోలేదు. చివరి రోజుల దాకా మమ్మల్ని తిడుతూ, కిటికీలోంచి అక్కకు వంటలు నేర్పుతూనే ఉంది.

చివరి ఏడాది ట్రైనింగ్‌లో క్యాన్సర్ వార్డుకు వెళ్లాను. ఒక పెద్దావిడ, ఎవరు పిలిచినా పలకకుండా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను సెలైన్ సరిచేస్తూ, ఊరికే అన్నట్టు అడిగాను.

"పెద్దమ్మా, మామిడికాయ తొక్కుల నీళ్లు ఎన్ని పోస్తరు?"

ఆమె ఇటు తిరిగింది.