ఉస్తాద్ లేని డ్రైవర్

మాదాపూర్ గుట్టలు పగలగొట్టి హైటెక్ సిటీ కడుతున్న రోజులవి. లింగంపల్లి నుంచి కొండాపూర్ దాకా రోడ్డు నిండా మట్టి మోసే టిప్పర్లే. ఎదురొచ్చే మనిషి మొహం కూడా దుమ్ములో ఆనవాలు పట్టలేకపోయేవాళ్లం. స్టీరింగ్ పట్టడం వచ్చినవాడికి పనికి కొదవ లేదని అందరూ చెప్పుకునేవాళ్లు. ఆ మాట నమ్మి నిండా మునిగినవాళ్లలో ఆరోన్ ఒకడు.

అతనికి ముప్పై దాటాయి. పటాన్‌చెరు వైపు ఒక గొట్టాల ఫ్యాక్టరీలో ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడు. ఒక రోజు గేటుకు తాళం పడింది. చేతిలో ఇంత పెట్టి అందర్నీ పంపించేశారు. భార్య కరుణ లింగంపల్లిలోనే చిన్న దవాఖానలో నర్సు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఆదివారం చర్చి బయట "ఇప్పుడేం చేస్తున్నవ్ ఆరోన్?" అని ఎవరైనా పలకరిస్తే చాలు, అతనికి తల కొట్టేసినట్టుండేది.

కరుణ తమ్ముడు జ్ఞానప్రకాశం టిప్పర్ డ్రైవర్. మీసాలు రాకముందే లారీ ఎక్కాడు. ఒక ఉస్తాద్ దగ్గర క్లీనర్‌గా చేరి, టైర్లు కడిగి, స్పానర్ దెబ్బలు తిని, ఏళ్ల తరబడి చాకిరీ చేస్తే గానీ స్టీరింగ్ చేతికి రాలేదు. ఆ లోకంలో చదువంటే అదే. అక్కడ ఎవరూ లైసెన్సు అడగరు, ఎవరి చేతి కింద నేర్చావని అడుగుతారు. జ్ఞానప్రకాశానికి పెద్ద బండి లైసెన్సు లేనే లేదు, దాని అవసరమూ ఎన్నడూ పడలేదు.

"బావా, నాతోని క్లీనర్‌గ రా. రెండేండ్లు తిరిగితె బండి నీ చేతికొస్తది," అన్నాడు అతనే ఒక రోజు. అనేసి, తనే తల గోక్కున్నాడు. "గని ఒక్కటి బావా. ఉస్తాద్ అన్నంక తిడ్తడు, కొడ్తడు. లేకుంటె చెయ్యి కుదరదు. నిన్నెట్ల కొట్టాలె నేను? అక్క ఊకుంటదా?"

కరుణ పకపకా నవ్వింది. ఆరోన్ నవ్వలేదు. క్రిస్మస్‌కు అత్తగారింటికి వెళ్తే ముందు కుర్చీ వేసేది అతనికి, ముందు పళ్లెం పెట్టేది అతనికి. ఆ ఇంటి అల్లుడు ఆ ఇంటి కుర్రాడి టిప్పర్‌కు టైర్లు కడగాలా? నలుగురిలో "అరేయ్" అనిపించుకోవాలా? అతని ఇంట్లో బియ్యానికి కొరత ఉండేదేమో గానీ పౌరుషానికి ఏనాడూ లేదు.

"నాకేం కర్మ? డ్రైవింగ్ స్కూల్ల చేరి పద్ధతిగ నేర్చుకుంట," అన్నాడు.

"స్కూల్ల లారీ నేర్పుతరా?" అని బావమరిది నోరెళ్లబెట్టాడు. ఆ అమాయకత్వం చూసి ఆరోన్‌కు పట్టుదల ఇంకా పెరిగింది.

అతను కళ్లు మూసుకుని మాత్రం చేరలేదు. కాళ్లరిగేలా తిరిగి చూశాడు. రైల్వే స్టేషన్ పక్క స్కూల్లో ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక ఏజెంటు ఉన్నారు. బండి ఏదని అడిగితే ఏజెంటుకు చిర్రెత్తుకొచ్చింది. "నీకు లైసెన్స్ గావాల్నా, బండి గావాల్నా? లైసెన్స్ తీస్కపో, నడుపుడు తర్వాత నేర్చుకో." ఇంకో స్కూల్లో లారీ ఉంది. వెనక ట్రాలీలో కుర్రాళ్లను కూరి, ఒక్కొక్కడికి చాయ్ హోటల్ దాకా స్టీరింగ్ ఇచ్చి దింపేస్తున్నారు. మూడోది పటాన్‌చెరు దారిలో ఉంది. ఆర్టీసీలో డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి రిటైరైన పట్టాభిరామయ్య గారిది. ఆయనది భీమవరం వైపు. పాత లారీ ఒకటి కొని, తను కూర్చునే వైపు కూడా బ్రేకు పెట్టించుకున్నారు.

"లైసెన్సు నేను ఇప్పించనండి. నేర్పిస్తాను. పరీక్షకి మీరే వెళ్లాలి, మీరే నెగ్గాలి. అలాగైతేనే చేరండి," అన్నారాయన.

ఆరోన్ అక్కడే చేరాడు. ఎంపికలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఇంత జాగ్రత్తగా కూతురికి సంబంధం కూడా చూడరు. ఫ్యాక్టరీవాళ్లు పెట్టి పంపినదంతా ఫీజులకూ రానూపోనూ ఖర్చులకూ కరిగిపోయింది. అయినా ఆ నెలలే అతని జీవితంలో మంచి నెలలు. ఎత్తు ఎక్కేటప్పుడు ఏ గేరు, దిగేటప్పుడు ఏ గేరు, బరువున్న బండి ఎంత దూరంలో ఆగుతుంది, అన్నీ ఆయన విసుక్కోకుండా చెప్పేవారు. వెనక్కి తీసే పాఠం వచ్చినప్పుడు మాత్రం గొంతు మారిపోయేది.

"క్లీనరు రైట్ రైట్ అన్నాడని పోనివ్వకండి. దిగండి. వెనక్కెళ్లి మీ కళ్లతో చూడండి. సిగ్గుపడకండి."

రెండుసార్లు పరీక్షకు పంపకుండా ఆపేశారు. మూడోసారి పంపారు. ఏజెంటు లేకుండా, ఎవరి చేయీ తడపకుండా ఆరోన్ పెద్ద బండి లైసెన్సు తెచ్చుకున్నాడు. కరుణ ఆ రోజు మాంసం వండింది. పట్టాభిరామయ్య గారు అతని భుజం తట్టి, "ఇహ మీరు డ్రైవరండీ," అన్నారు. పాపం, ఆయన మాట చెల్లేది ఆయన గేటు లోపలే.

బయట టిప్పర్ల దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న. "ఎవరి చెయ్యి కింద నేర్చినవ్?" పట్టాభిరామయ్య గారి పేరు చెబితే ఎవరికీ తెలియదు. స్కూలని చెబితే చేతిలో చాయ్ ఒలికేలా నవ్వారు. "పలక బలపం తెచ్చినవా?" అన్నాడొకడు. నెల తిరిగేసరికి గుట్టల మీద అతనికి స్కూలు డ్రైవర్ అని పేరు స్థిరపడిపోయింది. పని మాత్రం దొరకలేదు.

చివరికి గోవిందప్ప అనే కాంట్రాక్టర్ ఒక రోజు బండి ఇచ్చి చూశాడు. జ్ఞానప్రకాశం తోలేది కూడా అతని టిప్పరే. ఆరోన్ ఎక్కే ముందు టైర్లు చూసుకున్నాడు. వెనక్కి తీసిన ప్రతిసారీ దిగాడు, చూశాడు, ఎక్కాడు. వెనక ఆగిపోయిన టిప్పర్లు హారన్లు మోగించి చెవులు చిల్లులు పడేట్టు చేశాయి. మధ్యాహ్నానికే గోవిందప్ప తాళంచెవి లాక్కున్నాడు.

"పెండ్లి ఊరేగింపు అనుకున్నవా? ఇట్ల దిగుకుంట ఎక్కుకుంట ఉంటె నా మట్టి ఎవడు మోస్తడు? పో, స్కూలుకే పో."

ఆ తర్వాత దాదాపు ఏడాది ఆరోన్ ఏ పని దొరికితే అది చేశాడు. సిమెంటు బస్తాలు మోశాడు, గేట్ల దగ్గర కాపలా కూర్చున్నాడు. హైటెక్ సిటీ అద్దాల మేడ లేచింది, చుట్టూ ఇంకా నాలుగు లేస్తున్నాయి. అతనికి మాత్రం ఒక్క బండి దొరకలేదు. బావమరిది ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. లోకం మీద పుట్టిన కోపం ఇంట్లో కంచాల మీద చూపించేవాడు. కరుణ ఓర్చుకుంది. చెడ్డ స్కూల్లో చేరి మోసపోతే కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. మంచి స్కూల్లో చేరినవాడు ఎవర్ని తిట్టుకోవాలి?

అప్పుడే ఆ ఘోరం జరిగింది. ఒక ఉదయం జ్ఞానప్రకాశం టిప్పర్ వెనక్కి తీస్తున్నాడు. క్లీనర్ రైట్ రైట్ అంటున్నాడు. కంకర కుప్ప చాటున కూర్చుని సద్ది తింటున్న సీతాబాయి అనే కూలీని ఇద్దరూ చూసుకోలేదు. ఆమె అక్కడికక్కడే పోయింది. జ్ఞానప్రకాశం బండి వదిలేసి కోకాపేటలో చుట్టాలింట్లో దాక్కున్నాడు.

సాయంత్రం గోవిందప్ప ఆరోన్ ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి మరీ వచ్చాడు. "ఆరోన్ సాబ్" అని పిలిచాడు.

"పొద్దుగాల బండి మీరు తోలిండ్రు. గంతె," అన్నాడు గోవిందప్ప.

"నేనా? నేను ఆడ లేనే లేను గద!"

"ఎవరు జూసొచ్చిండ్రు సాబ్? మీకు లైసెన్స్ ఉంది. లైసెన్స్ ఉన్నోడు తోలితె ఇన్సూరెన్స్ వాళ్లు ఆమె మొగనికి, పిల్లలకు ఇస్తరు. లేనోడు తోలిండంటె వాళ్లకు మన్నే. మీ బావమరిది జైల్ల పడ్తడు. మీకు రేపే బెయిల్ తీస్కుంట. కేసు అయినంక కొత్త బండి మీదే, నా మాట."

ఆరోన్ కరుణ వైపు చూశాడు. వద్దని అంటుందని చూశాడు. ఆమె కళ్లు అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. లోపలికెళ్లి, చర్చికి వేసుకునే ఇస్త్రీ చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. సీతాబాయి పిల్లల కోసం వెళ్తున్నానని తనకు తను చెప్పుకుని ఆరోన్ ఆ చొక్కా తొడుక్కున్నాడు. ఆ మాటలో సగం నిజమే.

గోవిందప్ప మాట ఏమైందంటే, ఏమీ కాలేదు. బెయిల్ వచ్చింది, లైసెన్సు పోలీసుల దగ్గరే ఉండిపోయింది. కేసున్నవాడికి కొత్త బండి ఎవరిస్తారని గోవిందప్పే ఎదురు అడిగాడు. జ్ఞానప్రకాశం వారం తిరక్కుండా అదే టిప్పర్ ఎక్కాడు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం ఆరోన్‌కు అవేవీ తెలియవు.

ఠాణాలో రైటర్ కాగితం ముందేసుకుని పేరు అడిగాడు, ఊరు అడిగాడు. "పని?" అన్నాడు.

"డ్రైవర్," అన్నాడు ఆరోన్. రైటర్ నవ్వలేదు, తలెత్తి కూడా చూడకుండా రాసుకున్నాడు. అతన్ని డ్రైవర్‌గా ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే.

పక్క కుర్చీలో ఎస్సై ఛీత్కారంగా చూశాడు. "ఎన్క మనిషి ఉందో లేదో దిగి చూడాలని తెల్వదారా? ఎవడు నేర్పిండురా నీకు బండి?"

ఏడాది పాటు ఆ ప్రశ్నకు ఆరోన్ దగ్గర ఒకటే జవాబు ఉండేది. గుట్టల మీద ఎందరు నవ్వినా మార్చకుండా చెప్పిన జవాబు. అది ఇప్పుడూ నాలుక చివరి దాకా వచ్చింది. ఇప్పుడు చెబితే రైటర్ రాసుకుంటాడు. రేపు ఎవరో ఒకరు ఆ స్కూలు గేటు దగ్గరికి వెళ్లి, ఇదేనా మీరు నేర్పిన చదువని ఆ పెద్దాయన్ను నిలదీస్తారు.

"ఏ స్కూల్ల నేర్వలే సార్," అన్నాడు. "క్లీనర్‌గ తిరుగుకుంట నేర్చిన. ఒక ఉస్తాద్ ఉండె."

"ఏడున్నడు వాడు?"

"చచ్చిపోయిండు సార్."

రైటర్ ఆ ముక్క కూడా రాసుకుని, వేలిముద్ర వేస్తావా సంతకం పెడతావా అని అడిగాడు.