ఒకే మాట

మా పాపకు చెవులు సరిగా వినపడవని తెలిసేసరికి మూడో ఏడు నడుస్తోంది. చెవి మిషన్ పెట్టించి, మాట నేర్పించడానికి భూపాలపల్లి నుంచి వారానికోసారి బస్సులో వరంగల్ తీసుకెళ్లేవాళ్లం. అక్కడి మేడమ్ బొమ్మల కార్డులిచ్చి, "ఒక్కో బొమ్మకు ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి, లేకపోతే పాప తికమకపడుతుంది" అంది. ఆలస్యమైన కొద్దీ మాట రావడం కష్టమని కూడా చెప్పింది. ఆ భయం నన్ను పట్టుకుంది.

మీసాలాయన బొమ్మ కింద "నాన్న" అని ఉంది. నన్ను కన్న మా అవ్వ మాత్రం మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నన్ను చూపించి "గదిగో, మీ బాపొచ్చిండు" అనేది. నా భార్య బట్టల దుకాణానికి, నేను ఆఫీసుకు పోతే రోజంతా ఆ పిల్లతో మాట్లాడేది అవ్వ ఒక్కతే.

"బాపు అనకు అవ్వా. కార్డు మీద ఏముంటే గదే అనాలె" అని కసిరేవాణ్ని.

అప్పుడు మా ఆఫీసువాళ్లమంతా తెలంగాణ కోసం సమ్మెలో ఉన్నాం. పగలు టెంటు కింద కూర్చుని, మన భాషను సినిమాల్లో ఎగతాళి చేశారని ఎవరైనా మాట్లాడితే చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టేవాణ్ని. సాయంత్రం ఇంటికొచ్చి అవ్వ మాట దిద్దేవాణ్ని. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒకరోజు ఆమె చేతిలో కార్డు లాక్కుని, "నీ వల్లనే పిల్లకు మాట వస్తలేదు" అన్నాను. అవ్వ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆనాటి నుంచి పాప దగ్గర నోరు మెదపడం మానేసింది. అన్నం తినిపించేది, జడ వేసేది, అంతా మౌనంగానే. సమ్మెలో బస్సులూ బందయ్యాయి. నెల దాటింది. ఈ గొడవతో నేనూ నా భార్యా కూడా అవసరమైతే తప్ప పలకరించుకునేవాళ్లం కాదు.

బస్సులు నడిచాక మేడమ్ పాపను చూసి, "ఇదివరకు పెదవులు కలిపి 'బా' అనబోయేది. ఇప్పుడు అదీ లేదు. ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదా?" అని అడిగింది. జరిగింది చెప్పాను.

"ఒకే మాట అంటే మీ ఇంటి మాటే సార్" అంది. "కార్డు మీద ఉన్నది అచ్చు వేసినవాళ్ల మాట."

ఇంటికొచ్చి అవ్వ ముందు కూర్చున్నాను. "తప్పు నాదే అవ్వా. నీకు ఎట్లొస్తే గట్లనే మాట్లాడు" అన్నాను.

అవ్వ పాపను ఒళ్లోకి తీసుకుని నన్ను చూపించింది. పెదవులు కలిపి, ఆగి, నా ముఖంలోకి చూసింది.

"ఏమనాలె కొడుకా?"

"బాపు అనవ్వా."

"వద్దు తీ. నా వల్ల మల్ల పిల్లకేమన్న అయితది" అని నోరు మూసుకుంది. పాప ఆమె పెదవుల వైపే చూస్తూ కూర్చుంది.