రూతు అడగని మూడు సీసాలు

దయ్యాలకు, శకునాలకు నా జీవితంలో నేనెన్నడూ చోటివ్వలేదు. ముప్పై రెండేళ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించాను. ఒక బడిలో చివరి గది నుంచి ఏడుపు వినిపిస్తోందని పిల్లలు అటు వెళ్లడం మానేస్తే, ఆ సంవత్సరమంతా పదో తరగతిని ఆ గదిలోనే కూర్చోబెట్టాను. ఏడ్చింది కిటికీ రెక్క. బందులకు నూనె వేయించాను, ఏడుపు ఆగింది.

కనుక ఇది ఎవరినీ నమ్మించడానికి రాస్తున్నది కాదు. జరిగినదాన్ని జరిగిన క్రమంలో పెట్టాలన్నదే నా ఉద్దేశం. ఎంత సర్దినా ఒక సంగతి మాత్రం ఎక్కడా ఇమడడం లేదు. ఆ అశాంతి నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

నేను ఉప్పల్‌లో ఉంటాను. నా చెల్లెలు రూతు నాచారంలో, పారిశ్రామికవాడ వెనక వీధిలో ఉంటుంది. మోకాళ్లు సహకరించినన్నాళ్లూ మందుల కంపెనీ ప్యాకింగులో పనిచేసింది. ఇప్పుడు కొడుకు, కోడలు అటువంటి పనికే వెళతారు. పగలంతా ఇంట్లో ఒక్కతే. చక్కెర వ్యాధి ఉంది.

రెండేళ్ల కిందట మా ప్రాంతంలో ఒక ఫోను ఆట మొదలైంది. తెర మీద సీసాలుంటాయి. వాటిలో రంగురంగుల నీళ్లు పొరలు పొరలుగా కలగలిసి ఉంటాయి. ఒక సీసాలోంచి మరో సీసాలోకి వంపుతూ, చివరికి ఒక్కో సీసాలో ఒక్కో రంగు మాత్రమే మిగిలేట్టు సర్దాలి. అంతే ఆట. మొదట ఉప్పల్ మెట్రోలో ఒక అమ్మాయి ఆడుతుండగా చూశాను. నెల తిరిగేసరికి కిరాణా కొట్టులో, కంటి దవాఖానాలో, మంగలి కుర్చీలో అదే ఆట. నీళ్లు వంపినప్పుడల్లా ఫోనులోంచి గుడగుడమని ఒక చప్పుడు వస్తుంది. ఊరంతా ఎవరో దాహంతో నీళ్లు తాగుతున్నట్టుండేది. చివరికి మా చర్చి స్త్రీల సమాజం కూడా అందులో ఒక బృందం కట్టుకుంది.

ఒక ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా రూతు సంచిలోంచి ఆ చప్పుడు వినిపించింది. నేను సంఘ పెద్దను. ప్రార్థన ముగిశాక నిలబడి, నలుగురిలోనూ ఆమెను మందలించాను. ఎవరైనా సరే, అంతే చేసేవాణ్ని; చెల్లెలని వదిలిపెడితే నియమానికి అర్థమేముంది? బయట మెట్ల దగ్గర ఆమె నాతో ఒకే మాట అంది.

"ఇయ్యాల్టి సంది నీ తాన ఏదీ అడగ అన్నా. గుర్తుపెట్టుకో."

అన్న మాట నిలబెట్టుకుంది. దవాఖానాకు తోడు రమ్మని గానీ, కరెంటు ఆఫీసుకు వెళ్లి రమ్మని గానీ ఏడు నెలలు నన్ను పిలవలేదు.

ఆ ఆట వల్ల కలిగే నష్టాలపై సంఘంలో చదవడానికి ఒక వ్యాసం రాయాలనుకున్నాను. తెలియని విషయం మీద రాయడం నా పద్ధతి కాదు. మనవరాలు దీవెన చేత ఫోనులో ఆట పెట్టించుకుని, పరిశీలన కోసం చర్చి బృందంలో చేరాను. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర వరకే ఆడాలని నియమం పెట్టుకున్నాను. వ్యాసం మూడు పేజీల దగ్గర ఆగిపోయింది. ఆట మాత్రం ఆగలేదు.

"తాతా, పేపర్ ఎంతవరకొచ్చిందో గని లెవల్ మాత్రం మస్తు పెరిగింది గదా!" అని దీవెన నవ్వేది.

కలగలిసినదాన్ని వేరుచేసి వరుసలో పెట్టడమంటే నాకిష్టం. ఆ బలహీనతను ఒప్పుకుంటున్నాను.

ఆటలో చిక్కుపడ్డవారు ఒక ఖాళీ సీసా ఇమ్మని బృందంలో తాము ఎంచుకున్న ఒకరిని అడగవచ్చు. అడిగినవారి పేరుతో మన తెర మీద ఒక సీసా ఊగుతుంది. ఒకసారి అడిగాక నాలుగు గంటలు గడిచేదాకా మళ్లీ అడగడం కుదరదు. ఆ ఆటలో ఉన్న ఏకైక క్రమశిక్షణ ఇదేనని నా వ్యాసంలో రాశాను కూడా. బృందంలో అందరూ నన్ను అడిగేవారు. సాయంత్రం ఆరింటికి ఇచ్చేవాణ్ని. రూతు నన్ను తప్ప అందరినీ అడిగేది.

ఆ రోజు బుధవారం. పగలు పదకొండూ ఇరవైకి నా ఫోను మోగింది. తెర మీద సీసా ఊగుతోంది. కింద రూతు పేరు, ఆమె పెట్టుకున్న క్రోటన్ మొక్క బొమ్మ.

నాకు కలిగింది జాలి కాదు, గెలిచానన్న తృప్తి. ఏడు నెలలకు దిగివచ్చింది అనుకున్నాను. ఆరింటికి ఇద్దాంలే అని ఫోను పక్కన పెట్టి పేపరు తీసుకున్నాను.

పదకొండూ ముప్పై రెండుకు మళ్లీ మోగింది. మళ్లీ రూతే. పదకొండూ నలభై ఒకటికి మూడోసారి.

అలా కుదరదు. వందలసార్లు చూసిన నియమం అది. మొదటి సీసా చూసి కదలని నేను, మూడోది చూసి లేచి నిలబడ్డాను. సమయాలు డైరీలో రాసుకుని రూతుకు ఫోను చేశాను. స్విచ్ఛాఫ్ అని వచ్చింది. ఆఫ్‌లో ఉన్న ఫోను ఎలా అడుగుతుంది? కొడుకుకు చేద్దామంటే, వాళ్ల కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. చెప్పులు వేసుకుని ఆటో ఎక్కాను.

తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. పిలిస్తే పలకలేదు. పక్క పోర్షను భాగ్యమ్మ బయటికి వచ్చింది.

"పొద్దుగాల బట్టలు ఉతుకుతుండె సార్. నిద్రవోయిందేమో."

"పన్నెండింటికి నిద్రపోయే మనిషి కాదమ్మా" అన్నాను.

ఇద్దరం వెనక సందులోంచి వెళ్లాం. రూతు బట్టలుతికే బండ పక్కన పడి ఉంది. ఒళ్లంతా చల్లటి చెమట. నల్లా ఆపలేదు, బకెట్టు నిండి నీళ్లు గుడగుడమని పొర్లుతున్నాయి. అచ్చం ఆ ఆట చప్పుడే. భాగ్యమ్మ సాయంతో ఆమెను ఆటోలో దవాఖానాకు చేర్చాను.

టిఫిను తినకుండా సూది వేసుకుని పనిలో పడింది. చక్కెర పూర్తిగా పడిపోయింది. ఇంకో గంట ఆలస్యమైతే చేయడానికి ఏమీ ఉండేది కాదని డాక్టరు అన్నారు.

సాయంత్రం దవాఖానా వరండాలో ఆరు గంటలైంది. అలవాటు చొప్పున ఆట తెరిచాను. రూతు పేరుతో మూడు సీసాలు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. మూడూ ఇచ్చాను. నా దగ్గర పదకొండుండేవి, ఎనిమిది మిగిలాయి. అదీ డైరీలో ఉంది.

మర్నాడు ఆమె కూర్చోగలిగాక అడిగాను: "ఫోను ఎక్కడుంది?"

"రిపేర్‌కిచ్చిన. సోమవారం బకెట్ల పడ్డది."

"మరి నన్ను సీసా ఎలా అడిగావు?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నేనా? నిన్నా? దేవుని సాక్షి, అడగలే అన్నా. పాణం వోతుండె గని రోషం వోలే నాకు."

నాచారం మెయిన్ రోడ్డులోని ఆ రిపేరు దుకాణానికి స్వయంగా వెళ్లాను. రసీదు మీద సోమవారం తేదీ ఉంది. దుకాణం అతను ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి చూపించాడు. అందులో ఫోను మూడు ముక్కలుగా ఉంది.

"డిస్‌ప్లే ఇంకా రాలే సార్. బ్యాటరీ గూడ సోమారమే తీసి పక్కన పెట్టిన. ఏంది సార్, ఏమన్న పోయిందా?"

ఏమీ పోలేదని చెప్పాను.

దీవెన సాఫ్ట్‌వేరు ఉద్యోగి. సర్వరులో పాత సందేశం ఇరుక్కుని ఆలస్యంగా వచ్చి ఉంటుందంది. ఒప్పుకోదగ్గ మాటే. కానీ రూతు ఎన్నడూ పంపని సందేశం ఎక్కడ ఇరుక్కుంటుంది? ఒకటే అనుకున్నా, మూడు ఎలా వస్తాయి? దీవెన "నాకు తెల్వదు తాతా" అంది. ఆ జవాబును గౌరవించాను.

పదిరోజులకు ఫోను బాగై వచ్చింది. రూతు, నేను పక్కపక్కనే కూర్చుని ఆట తెరిచాం. ఆదివారం రాత్రి ఎక్కడ ఆపిందో అక్కడే ఉంది. నన్ను అడిగినట్టు ఆటలో ఎక్కడా లేదు. నేనిచ్చిన సీసాలు ఒక్కటీ చేరలేదు. నా దగ్గర మాత్రం మూడు తగ్గాయి. అవి ఎవరికి చేరాయో ఈనాటికీ నాకు తెలియదు.

వ్యాసం చించేశాను. ఆట ఆడడం మానేశాను గానీ ఫోనులోంచి తీసివేయలేదు. మిగిలిన ఎనిమిది సీసాలు అలాగే ఉంచాను. ఇప్పుడు చర్చిలో ఫోను సైలెంటులో పెట్టని వాణ్ని నేనొక్కణ్నే. సంఘ పెద్ద కదా, ఎవరూ ఏమీ అనరు. రూతు మాత్రం పక్క వరుసలోంచి ఓరగా చూసి, "నిన్నెవరు నిలబెట్టి అడగాలె అన్నా?" అంటుంది.

ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు. నేను జేబు మీద చెయ్యి పెట్టుకుని వింటూ ఉంటాను.