వెంకటనర్సమ్మ మెచ్చిన భవనం

మా పెద్దమ్మ వెంకటనర్సమ్మ దేన్నీ మెచ్చుకునేది కాదు. అది అలవాటు కాదు, నిష్ఠ. కొందరు శనివారం ఒంటిపూట ఉంటారు. ఆమె అన్ని వారాలూ వంకలు పెట్టేది. బతుకులో ఒక్కసారే ఆ నిష్ఠ తప్పింది. ఆ దెబ్బకు మా ఊళ్లో కట్టవలసిన పెద్ద భవనం ఒకటి కట్టకుండానే పోయింది.

నేను పుట్టినప్పుడు చూడటానికి వచ్చి, "గీడు కోతిపిల్ల లెక్కున్నడు" అందట. పొయ్యిలోని మసి వేలికి రాసుకుని నా అరికాలికి చుక్క పెట్టి వెళ్లిందట. మా అమ్మ చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పబోతే, "ఇచ్చినోనికి కండ్లు సరిగ లేవు" అంది. పెళ్లయ్యాక నా భార్య ప్రమీలను తీసుకెళ్లాను. ఎగాదిగా చూసింది. "పిల్ల సన్నగున్నది. గాలొస్తే జర పట్టుకో" అంది.

దారిలో ప్రమీల కళ్లు తుడుచుకుంది. "నేను నచ్చలేదా ఆమెకు?"

"నచ్చినవు. నచ్చకుంటే ఊకునేది."

అరవై తొమ్మిదిలో నేను వరంగల్‌లో చదువుకునేవాణ్ణి. కాలేజీలు మూతబడ్డాయి. జై తెలంగాణ అని తిరిగి, లాఠీ దెబ్బలు తిని, కొందరం ఆమె ఇంటికి చేరాం. మా వీపులు తిప్పి చూసింది.

"దెబ్బలు గూడ సక్కగ తినరాదు మీకు."

పసుపు నూరి పూసింది. మేం ఎట్లా అరిచామో అడిగింది. అరిచి చూపించాం. "గీ గొంతులకు కోళ్లు గూడ లేవయి. రాష్ట్రమొస్తదా?" అంది. వీపులు మానేదాకా కదలనివ్వలేదు. ప్రతి పూటా అన్నం పెట్టింది, ప్రతి పూటా మేం తినే తీరుకు వంక పెట్టింది.

ఆమె భర్త, మా పెద్దబాపు వీరస్వామి ఆ వంకల మధ్యే నిగనిగలాడుతూ బతికాడు. "మీ పెద్దమ్మ తిట్టని దినం నాకు జరమొచ్చినట్టుంటది" అనేవాడు.

మా ఊరు గూడూరు దాటాక, అడవి మొదలయ్యే చోట ఉంది. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. ఆమె నిష్ఠను వాడుకోవడం కూడా ఊరు నేర్చుకుంది. ఎడ్లు కొనాలన్నా, సంబంధం కలుపుకోవాలన్నా ముందు పెద్దమ్మను తీసుకెళ్లేవారు. ఆమె వంక పెట్టేది. అది ఎంత చిన్న వంకో చూసుకుని ఊరు నిర్ణయం చేసేది. "తోక జర పొట్టి" అంటే ఎద్దు మంచిది. "పిలగాని చెవులు డొప్పలు" అంటే లగ్గం పెట్టుకోవచ్చు. ఒకసారి అంగట్లో యాకయ్య కొనబోయిన కోడె ముందు ఆమె ఏమీ అనకుండా నిలబడింది. యాకయ్య చేతిలోని పలుపు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. ఆ కోడె తనను కొన్నవాణ్ణి ఆ వారంలోనే కుమ్మింది.

ఊరుకుంటేనే అంత. మెచ్చుకుంటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. మెచ్చుకోగా విన్నవాళ్లు లేరు.

ఆమె చేను పక్కన అమీనా చేను. అమీనా భర్త చాంద్‌పాషా మహబూబాబాద్‌లో బట్టలు కుట్టేవాడు. వ్యవసాయం అమీనాదే. ఆ చేలో రాతికట్టు బావి ఒకటి ఉంది. ఎండాకాలంలోనూ అందులో నీళ్లుండేవి. రోజూ పొద్దుగూకే వేళ పెద్దమ్మ గట్టు దాటి వెళ్లి ఆ నీళ్లు తాగేది.

"ఉప్పగున్నయే అమీనా, నీ నీళ్లు."

"అయితే నీ బాయి నీళ్లే తాగరాదె పెద్దమ్మా."

"గవ్వి ఇంకింత ఉప్పగుంటయ్."

ఇంకో చెంబు తాగి వచ్చేది.

ఎనభై ఏడు ఎండల్లో హైదరాబాదు నుంచి ఒక కారు వచ్చింది. అందులోంచి ఒక మేనేజరు దిగాడు. అంత ఎండలోనూ కోటు వేసుకున్నాడు. గ్రామపంచాయతీ ముందు సర్పంచ్ గోవర్ధన్ జనాన్ని కూర్చోబెట్టాడు. కంపెనీ మా ఊళ్లో కంప్యూటర్ల భవనం కడుతుందన్నాడు మేనేజరు. దేశం మన ఊరి వైపు చూస్తుందన్నాడు. అప్పటిదాకా మా ఊరి వైపు బస్సు కూడా సరిగా చూసేది కాదు.

"అండ్ల ఏం తయారైతది సారూ?" అని యాకయ్య అడిగాడు.

"ఏమీ తయారవదండీ. లెక్కలు దాస్తాం. బ్యాంకులవీ, కంపెనీలవీ."

"లెక్కలు దాసేతందుకు గంత జాగనా?"

"యంత్రాలు పెద్దవండీ. వాటికి వేడి పడదు. లోపల చలి ఉండాలి. దానికి నీళ్లు కావాలి. కరెంటు ఒక్క నిమిషం కూడా పోకూడదు."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మా ఊళ్లో కరెంటు పోవడం వార్త కాదు, రావడం వార్త. పురుడు పోసుకునే ఆడవాళ్లకు దవాఖాన లేదు. వైరు మీద కాకి వాలితే పంపుసెట్టు ఆగిపోతుంది. మనుషులకు చెమట పట్టవచ్చు, యంత్రాలకు పట్టకూడదు. దీన్ని అభివృద్ధి అంటారని మేనేజరు వివరించాడు.

"మా పోరగాండ్లకు కొలువులొస్తయా?" పెద్దబాపు అడిగాడు.

"తప్పకుండానండీ. గేటు దగ్గర వాచ్‌మెన్ ఉంటాడు కదా."

"ఒక్కడేనా?"

"రాత్రికి ఇంకొకరండీ."

అయినా రోడ్డు పక్క రైతులు భూములమ్మడానికి సిద్ధపడ్డారు. కోటు వేసుకున్నవాడు అబద్ధమాడడని మావాళ్ల నమ్మకం. అంత ఉక్కలో అంత కష్టపడి అబద్ధమెందుకు ఆడతాడు? చిక్కల్లా అమీనాతోనే వచ్చింది. ఆమె చేను సరిగ్గా మధ్యలో ఉంది. కంపెనీ కన్ను బావి మీద ఉంది. అమీనా అమ్మనంది.

గోవర్ధన్ ఆమె వాకిట్లోకి వెళ్లి అడిగాడు. "ఊరు బాగుపడుడు నీకు ఇష్టం లేదా?"

"ఊరు బాగుపడనియ్యి అన్నా. నా బాయి నాకుండనియ్యి."

"సుట్టుపక్కలోళ్లందరు అమ్ముతున్నరు. కంపెనీ బోర్లేస్తది. నీ బాయి ఎండుతది. అప్పుడు నువ్వే నా ఇంటికొచ్చి అడుగుతవు."

అమీనా తిన్నగా పెద్దమ్మ ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంది. నేనూ అక్కడే ఉన్నాను.

"చెయ్యి కడుక్కో. పప్పు మాడింది, అయినా తిను," అంది పెద్దమ్మ.

"ఆకలి లేదు. రేపు నువ్వొచ్చి గా బంగళాను గట్టిగ తిట్టాలె పెద్దమ్మా. నువ్వు తిడితె ఆగుతది."

"నాకు తిట్టుడు నేర్పుతున్నవా? తిను."

మర్నాడు మేనేజరు అట్టముక్కలతో చేసిన భవనం బొమ్మ తెచ్చాడు. తెల్లగా ఉంది. చుట్టూ స్పాంజి చెట్లున్నాయి. మా ఊరి చెట్లేవీ అందులో లేవు. మావాళ్లూ లేరు. సంతకాలకు అన్నీ సిద్ధం. కానీ ఎవరూ కదలలేదు. పెద్దమ్మ ఇంకా చూడలేదు.

"ఎవరండీ ఆవిడ? ఇంజినీరా?"

"ఇంజినీర్లకు గూడ వంకలు పెడ్తది సార్," అని గోవర్ధన్ చెవిలో చెప్పాడు. "తిడుతది. పరేషాన్ గాకున్రి. చిన్నగ తిడితె మన పని అయినట్టే."

పెద్దమ్మ వచ్చింది. కొంగు నడుముకు చుట్టుకుని బొమ్మ చుట్టూ నెమ్మదిగా తిరిగింది. వంగి చూసింది. ఒక స్పాంజి చెట్టును వేలితో నొక్కింది. అది మళ్లీ లేచింది. అమీనా ఇంకొంచెం ముందుకు జరిగింది.

"మంచిగున్నది," అంది పెద్దమ్మ.

ఎవరో చుట్ట కింద పడేశారు.

"మస్తు మంచిగున్నది. గోడలు మంచిగున్నయి. కిటికీలు లేకపోవుడు ఇంక మంచిగున్నది. మనుషులుండని ఇంటికి కిటికీలెందుకు? గీ చెట్లు జూడున్రి, నీళ్లడగయి. పసిపాప లెక్క ముద్దుగున్నది. నా జిందగీల గిసొంటిది సూడలే."

మేనేజరు చేతులు జోడించాడు. "ధన్యవాదాలమ్మా. పల్లెటూళ్లో ఇంత విజ్ఞత ఉంటుందనుకోలేదండీ."

"నువ్వు గూడ మంచిగున్నవు నాయినా. మీ తల్లి నిన్ను మంచిగ కన్నది."

అతను సిగ్గుపడ్డాడు. పొగడ్త విని సిగ్గుపడ్డ మనిషి అక్కడ అతనొక్కడే. మిగతావాళ్ల మొహాల్లో నెత్తురు లేదు.

మొదట యాకయ్య లేచాడు. "మా బర్రె ఈనేటట్టున్నది," అన్నాడు. అతని బర్రె అంతకు కొద్దిరోజుల ముందే ఈనింది. ఆ మాట ఎవరూ అనలేదు. ఇంకొకడు భార్యనడిగి వస్తానన్నాడు. అతనికి ఇంకా పెళ్లి కాలేదు. పెద్దబాపు తుండు దులుపుకుని లేచాడు. చూస్తుండగా చాప ఖాళీ అయింది. మేనేజరు చేతిలో కలం మూత తీసి ఉంది.

"ఏమైందండీ? ఆవిడ బాగుందన్నారు కదా?"

గోవర్ధన్ నోరు తెరిచేలోపే పెద్దమ్మ అతని వైపు తిరిగింది.

"గోవర్ధనా, నువ్వు గూడ మంచిగున్నవు బిడ్డా. నిండుగున్నవు."

గోవర్ధన్ కుర్చీలో కూలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే మహబూబాబాద్ దవాఖానకు వెళ్లి గుండె చూపించుకున్నాడు. గుండె బాగుందని డాక్టర్ చెప్పాడట. ఆ మాటకు ఇంకా భయపడ్డాడు. తర్వాత చాలాకాలం ఎవరి భూమి గురించీ మాట్లాడలేదు.

కంపెనీ ఇంకెక్కడికో వెళ్లిపోయింది. వాళ్లకు మరో ఊరు దొరికే ఉంటుంది. ప్రతి ఊళ్లోనూ పెద్దమ్మ ఉండదు.

తర్వాత ఒకరోజు అడిగాను. "తిట్టి చెడగొట్టకపోయినవా పెద్దమ్మా?"

"నేను ఎంత తిట్టినా గది చిన్న వంకే అనుకొని కొనుక్కుంటరు. మన ఊరోళ్లు నాకెర్క లేదా?"

"మరి గిన్నేండ్లు మమ్ముల ఒక్క మంచిమాట అనకపోతివి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మంచిగున్నవన్నందుకే గోవర్ధన్‌గాడు దవాఖానల పడ్డడు. గా మాట నిన్నెట్లంటర? బుర్ర గూడ లేదు నీకు."

నా అరికాళ్లు ఒకసారి చూసుకోవాలనిపించింది.

ఆ ఏడు అమీనా మిర్చి వేసింది. పండిన తొలి కాయలు కొంగులో తెచ్చి పెద్దమ్మ ముందు పోసింది. ఎర్రగా మెరుస్తున్నాయి. పెద్దమ్మ ఒకటి తీసి పట్టుకుని చూసి, సగం కొరికింది. కళ్ల నుంచి నీళ్లు కారాయి. ముక్కు కారింది.

"కారమే లేదే," అంది చివరికి.

అమీనా నవ్వు ఆపుకుంటూ తన బావి నీళ్ల చెంబు అందించింది. పెద్దమ్మ గటగటా తాగేసింది.

"ఉప్పగున్నయ్," అంది. ఖాళీ చెంబు మళ్లీ ముందుకు చాపింది.