మడత పెట్టిన కంబళి

చిన్నప్పుడు చీపురుకట్ట భుజాన వేసుకుని వీధంతా కవాతు చేసినందుకు వాడికి సిపాయి అని పేరు పెట్టారు. పెట్టిన పేరు ఊరికే పోలేదు. పద్దెనిమిది నిండీ నిండకుండానే పటాలంలో చేరాడు. సరిగ్గా పదకొండు నెలలకు, క్షయ పట్టి, ఇక సేవకు పనికిరాడన్న కాగితంతో, ఒక బూడిదరంగు కంబళితో అక్క గుమ్మంలో దిగాడు. తల్లీ తండ్రీ లేని వాడికి అక్కే దిక్కు. అక్కకు కుట్టుమిషనే దిక్కు.

వెనకగది వాడికిచ్చింది. గ్లాసు వేరు, కంచం వేరు. దగ్గు వినిపిస్తే భయం, వినిపించకపోతే అంతకు పదింతలు భయం. తెల్లవారాక ఆ గదిలోకి వెళ్లడానికి ఆమెకు కాళ్లు వచ్చేవి కావు. తలుపు ఓరగా తోసి, మంచం మీద కాళ్లవైపు మాత్రమే చూసేది. పటాలంలో ఇంకేం నేర్చుకున్నాడో గాని, లేవగానే కంబళిని ఇటుకలా నలుచదరంగా మడిచి అక్కడ పెట్టడం మాత్రం వాడు మానలేదు. అది కనబడితే లేచినట్టే. బతికి ఉన్నట్టే. అమ్మయ్య అనుకుని ఆమె మిషను ముందు కూర్చునేది.

ఒకరోజు పాలు ఇస్తూ నోరు జారింది.

"నీ కంబళి మడత చూస్తేగాని నాకు గుండెదడ తగ్గదురా."

"అంటే నా మొహం కన్నా ఆ కంబళే నయమన్నమాట!" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

తర్వాత చలి ముదిరింది. పాలగ్లాసు అందుకునే వాడి వేళ్లు మంచుముక్కల్లా తగిలేవి.

"చలేస్తోందేంట్రా?"

"పటాలంవాడికి చలేంటక్కా!"

ఆమె నమ్మింది. నమ్మకపోతే మళ్లీ భయపడాలి కదా, అందుకని నమ్మింది.

ఆ రోజూ తలుపు ఓరగా తోసింది. కంబళి మడతపెట్టే ఉంది. నిశ్చింతగా బడిపిల్లల చొక్కాలకు పన్నెండు కాలర్లు కుట్టింది. పది గంటలకు పాలు తీసుకుని లోపలికి వెళ్తే, వాడు మోకాళ్లు గడ్డానికి ఆనించి ముడుచుకుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

పరుగున వచ్చిన డాక్టరు చెయ్యి పట్టి చూశాడు. "తెల్లవారకముందే పోయాడమ్మా. ఒళ్లు కొయ్యబారిపోయింది."

"లేదండీ, పొద్దున లేచాడు. కంబళి మడిచాడు కదా, చూడండి" అంది.

అంటూనే ఆగిపోయింది. పొద్దున మడిచే ఓపిక ఉంటుందో ఉండదో, అక్క హడలిపోతుందని, వాడు పడుకునే ముందే మడిచి పెట్టేశాడు. ఎన్నాళ్ల నుంచో ఆ చలిలో ఏమీ కప్పుకోకుండా పడుకుంటున్నాడు. వాడి ఒంటిమీది కంబళిని లాగేసింది తన భయమే.

ఆమె ఆ మడతలు విప్పి, వాడికి మెడదాకా కప్పి, అంచులు రెండువైపులా ఒంటి కిందికి దోపింది.